కాలువ మీద నారింజ రంగు ఇంజను

పెళ్ళి పల్లకిని అందరూ బయటినుంచే చూస్తారు. తగరం మెరుపులు, జీలుగు బెండుతో చేసిన పువ్వులు, రంగు కాగితాల జాలర్లు. నేను లోపలినుంచి చూసినదాన్ని. రంగు కాగితం నిలవాలంటే దాని కింద పాత కాగితం మందంగా అంటించాలి. అందుకని ఏ పల్లకి లోపల తలపెట్టి చూసినా ఎక్కడెక్కడివో అక్షరాలు కనిపించేవి. నా మొదటి లైబ్రరీ అదే.

మా అత్తవారిది కొత్తపేటలో పల్లకీలు కట్టే ఇల్లు. హంసలు, నెమళ్ళు, యుద్ధం తర్వాత విమానాలు కూడా వెదురు బద్దలతో కట్టి ఊరేగింపులకి ఇచ్చేవారు. కాపరానికి వచ్చిన కొత్తలో నా పని జిగురు కాచడం. పురుగు పట్టకుండా పిండిలో కాస్త మైలుతుత్తం వేసి, అడుగంటకుండా కలియబెట్టాలి. అది చల్లారేలోపు పాత కాగితాలు చింపి మా ఆయనకి అందించాలి. నేను చింపేముందు చదివేదాన్ని. నా బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది కాబట్టి ఇంగ్లీషు కాగితం దొరికితే మాట మాటా కూడబలుక్కునేదాన్ని. ఈలోపు జిగురు గడ్డకట్టేది.

ఒక మధ్యాహ్నం నా చేతికి వచ్చిన కాగితం మీద ఒక రైలింజను ఉంది. అప్పటికి నేను రైలును రాజమండ్రి వంతెన మీద దూరంనుంచి చూశానంతే. గోదావరి పాయలు దాటితే గాని మా వైపు వాళ్ళకి రైలు కూత వినపడదు. ఈ బొమ్మలోది నేను చూసినలాంటిది కాదు. పొగగొట్టం కనపడదు. ముక్కు తూటాలా నున్నగా ఉంది. పక్కలనుంచి చక్రాల మీదికి పరికిణీ అంచులా రేకు దిగింది. నిలబడి ఉన్నా పరుగెడుతున్నట్టే ఉంది. కింద రాసిన దాంట్లో నాకర్థమైనంత వరకు అది అమెరికాలోది. ఆఖరి వాక్యం, ఇంత బరువైన ఇంజనును కదిలించడానికి, అన్నచోట ఆగింది. తర్వాతి కాగితం అప్పటికే ఏ హంస కడుపులోనో అంటుకుపోయింది.

ఏం కావాలి దాన్ని కదిలించడానికి? వంట చేస్తున్నా అదే ఆలోచన. మా ఆయన్ని అడిగితే, ఆ పాత పత్రికల కట్ట యుద్ధంనుంచి తిరిగొచ్చిన ఒక మిలటరీ ఆయన అమ్మిందనీ, మంచివన్నీ లైబ్రరీకి ఇచ్చి చిరిగినవి మనకి ఇచ్చారనీ చెప్పారు. ఆ ఆదివారం పొద్దున్న ఆయన్ని వెంటబెట్టుకుని లైబ్రరీకి వెళ్ళాను.

లైబ్రేరియను గారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "ఆడవాళ్ళ పుస్తకాలు ఆ కిటికీ పక్క బీరువాలో ఉన్నాయమ్మా."

"ఆయ్, చూసేనండి. ఇంజన్లున్న బీరువా ఏదండి?"

ఆయన మా ఆయన వంక చూశారు. మా ఆయన గోడమీది గడియారం వంక చూశారు. చివరికి పైఅరలోనుంచి ఒక దుమ్ము కట్ట దిగింది. దానితోపాటు ఒక పెద్ద డిక్షనరీ. ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆ బల్ల దగ్గరే గడిపాను. చదువు నాకు ఎవరో పెట్టింది కాదు, అక్కడ కూచుని నేను తీసుకున్నది. ఈ మాట చెప్పుకోవడానికి నాకిప్పటికీ మొహమాటం లేదు.

ఆ ఇంజన్లు ఎలా పెరిగాయో అక్కడే తెలుసుకున్నాను. మొదట్లో రైలుపెట్టెలు చెక్కవి, తేలిక. తర్వాత ఇనుపవి వచ్చాయి, బరువు పెరిగింది. జనానికి తొందర కూడా పెరిగింది. వేగం కావాలంటే ఆవిరి ఎక్కువ కావాలి. ఆవిరి కావాలంటే పొయ్యి పెద్దది కావాలి. పొయ్యి పెద్దదైతే దాన్ని మొయ్యడానికి వెనకాల మరో రెండు జతల చక్రాలు కావాలి. ఇంజనును నడిపే చక్రాలేమో మనిషి ఎత్తును మించిపోయాయి. పొయ్యి ఎంతదాకా పెరిగిందంటే, మనిషి పారతో బొగ్గు ఎగదోస్తే దాని ఆకలి తీరదు. ఒక మర గిరగిరా తిరుగుతూ బొగ్గును తనే లోపలికి తోస్తుంది. పుట్టిన ఆవిరిని మళ్ళీ గొట్టాల్లో కాచి, తడి లేకుండా చేసి వదులుతారు. ఊకపొయ్యి ముందు కూచుని ఇదంతా తలుచుకుంటుంటే మా వంటిల్లు నెమ్మదిగా కదులుతున్నట్టుండేది. కిటికీలో కొబ్బరిచెట్లు వెనక్కి వెళ్ళిపోయేవి.

"అన్నం మాడతంది," అనేవారు మా అత్తగారు. "అమెరికా పొయ్యి ఎక్కడికీ పోదు గాని, ముందు మన పొయ్యి చూడు."

ఆ చిరిగిన వాక్యం మిగతా సగం కూడా దొరికింది. చక్రాల ఇరుసులు ఒరుసుకుంటూ తిరిగే పాతరకం గిన్నెలు తీసేసి, దొర్లే ఉక్కు రోలర్లు పెట్టారట. అప్పుడు అంత బరువూ ఎంత తేలిగ్గా కదిలిందంటే, చూపించడానికి కొందరు అమ్మాయిలు దానికి తాడు కట్టి లాగారట. ఇంజను కదిలిందట. రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి చెబితే మా మామగారు నవ్వి, మా ఆయనతో అన్నారు. "కోడలిపిల్ల మంచి కథలు చెబుతంది, వినరా."

ఆయన నవ్విన ఆఖరి రోజులవి. టౌనుల్లో పెళ్ళివారు మోటారు కార్లకి పువ్వులు కట్టి ఊరేగడం మొదలుపెట్టారు. కార్తీకం, మార్గశిరం గడిచిపోయినా హంసని ఎవరూ అడగలేదు. ఒక సాయంత్రం మామగారు బద్దలు చీరుతూ, తల ఎత్తకుండా మా ఆయనతో అన్నారు. "ఈ మాఘం చూద్దాం. ఒక్క పల్లకన్నా కట్టి పేరు నిలబడితే సరే. లేదంటే కత్తులు దాచేసి, నువ్వు మండపేట వెళ్ళిపో. మిల్లులో పనుందంటన్నారు."

వెదురు బద్దని దీపం సెగ మీద ఆనించి, విరక్కుండా ఎంతైనా వంచగల చేతులు మా ఆయనవి. ఆ చేతులతో అటకమీది ట్రంకుపెట్టె దించి తుప్పు తుడిచారు. తుడిచినంతసేపూ నేను ఆ పెట్టెను చూడలేకపోయాను.

మాఘం ఇంకా రాకముందే ఒక కొబ్బరి షావుకారు మా వాకిట్లోకి వచ్చారు. ఆయన కొడుకు గోదావరి అవతల రైలు ఇంజన్ల షెడ్డులో పని చేస్తున్నాడు. పెళ్ళికూతురిది రాజోలు వైపు కాలువగట్టు ఊరు. పెళ్ళివారంతా పడవల మీద వెళ్ళాలి.

"మావోడు రైల్వేవోడండి," అన్నారు షావుకారు. "ఆ ఊళ్ళో రైలు మొహం చూసినోళ్ళు లేరండి. పడవ మీద రైలింజను కట్టి, మావోణ్ణి అందులో కూచోబెట్టి దింపాలండి. అవదంటే చెప్పండి, పువ్వుల పడవతో సరిపెట్టుకుంటాం."

మామగారి కళ్ళు మెరిశాయి. అంతలో మా అత్తగారు మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చి, వినయంగానే, ఉన్నమాట అనేశారు. "రైలింజను నల్లగా ఉంటది కదండి. శుభమా అని పెళ్ళికి వెళ్తా, నల్లటిదాని మీదెక్కి వెళ్తారా ఎవరైనా?"

షావుకారు గ్లాసు పట్టుకుని ఆలోచనలో పడ్డారు. "అదీ నిజవేనండి. నాకు తట్టనే లేదు." మజ్జిగ తాగి, కండువా దులుపుకుని లేచారు.

గుమ్మం పక్కన నిలబడ్డ నేను నోరు విప్పాను. "అన్నీ నల్లగా ఉండవండి."

అందరూ ఇటు తిరిగారు.

"అమెరికాలో పడమటి సముద్రం ఒడ్డున తిరిగే ఇంజన్లకి నారింజ రంగు, ఎర్ర రంగు పట్టీలు వేసేరండి. ముక్కు వెండి రంగండి. పైన మాత్రం కాస్త నలుపుంటదండి."

మామగారు నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. "ఎక్కడ చూసిందో అడగరా," అన్నారు కొడుకుతో.

"లైబ్రరీలోనండి," అన్నాను.

మర్నాడు మామగారు ఉతికిన పంచె కట్టుకుని, జీవితంలో మొదటిసారి లైబ్రరీ మెట్లెక్కారు. పత్రిక విప్పి ఇంజను బొమ్మ పొడుగూ ఎత్తూ వేళ్ళతో కొలిచారు. చాలాసేపు చూశారు. అప్పుడు మొదటిసారి నన్నే అడిగారు. "ఇదంతా నలుపూ తెలుపే కదమ్మాయ్. నారింజ రంగు ఎక్కడుంది?"

"మాటల్లో ఉందండి మావయ్యగారు," అని ఆ వాక్యం మీద వేలుపెట్టి తెలుగులో చదివాను. ఆయన ఆ వేలి కింది అక్షరాల వంక అలాగే చూశారు. ఇంటికి వస్తూ దారిలో నారింజ కాగితం కొన్నారు.

పైన ఉన్న ఆ కాస్త నలుపునీ మా అత్తగారు ఆకుపచ్చ చేయించారు. ఇంజను తోలేవాడు వెనక కూచుంటాడంటే షావుకారు ఒప్పుకోలేదు. "పెళ్ళికొడుకు వెనకాల నక్కడమేంటండి?" అన్నారు. ముందే కూచునేలా కట్టిన ఇంజన్లు కూడా ఉన్నాయని మళ్ళీ నేనే చెప్పాను. కొండ సొరంగాల్లో పొగ కమ్మేస్తుందని అలా కట్టారు. అలా మూడు నాలుగు ఇంజన్ల లక్షణాలు ఒక్కదాంట్లో కలిశాయి. అలాంటి ఇంజను అమెరికాలో కూడా లేదు. అది మా కొత్తపేట వాకిట్లోనే పుట్టింది.

ఒక్క విషయంలో మాత్రం షావుకారు పట్టు వదల్లేదు. పొగ రావాలన్నారు. సాంబ్రాణి వేద్దామన్నారు. మామగారు కూడా పట్టు వదల్లేదు. "కాగితం పనండి. నిప్పు తెస్తే నేను రానండి," అన్నారు.

పెళ్ళికొడుకు ఒకరోజు సెలవు పెట్టి చూడటానికి వచ్చాడు. ఇంజను చుట్టూ తిరిగాడు. "గొట్టం ఏదండి?" అన్నాడు.

"లోపలికి దాచేరండి. గాలి అడ్డుకోకుండా," అన్నాను.

"మరి బొగ్గెలా వేస్తారండి అంత పొయ్యిలోకి?"

బొగ్గు తోసే మర సంగతి చెప్పాను. అతను తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. పార పట్టిన చోటల్లా కాయలు కాశాయి. "అలాంటిది మాకొకటి ఇస్తే బాగుండునండి," అన్నాడు. ఇంజను ముక్కు నిమిరి మళ్ళీ అన్నాడు. "కానీ అక్కడ ఇవి కూడా తీసేస్తన్నారంటండి. డీజిలు ఇంజన్లు వస్తన్నాయంట. మా పై ఆయన అన్నారు."

నేను చదివిన పత్రికలు పాతవని నాకు తెలుసు. అయినా ఆ మాట వినగానే, వెలుగుతున్న ఇంత పెద్ద పొయ్యిని ఎవరో నీళ్ళు చల్లి ఆర్పినట్టనిపించింది. మా ఆయన తగరం రేకు అంటిస్తున్నవారల్లా చెయ్యి ఆపి, మళ్ళీ అంటించారు.

పెళ్ళిరోజు తెల్లవారేసరికి మా రెండు పడవలూ పెళ్ళికూతురి ఊరి పొలిమేరకి చేరుకున్నాయి. ముందు పడవలో ఇంజను. అందులో పెళ్ళికొడుకు, చిరుగులేమైనా వస్తే అంటించడానికి జిగురుకుండతో మా ఇంటివాళ్ళం నలుగురం. వెనక పడవలో పెళ్ళివారు. గట్టుమీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని పడవను లాగుతున్నారు. మాఘమాసపు మంచు. కాలువ నీళ్ళలోనుంచి తెల్లగా లేచి, ఇంజను అడుగున మా ఆయన గీసిన చక్రాలను కప్పి, పక్కలనుంచి పైకి పాకుతోంది. గట్టూ కొబ్బరిచెట్లూ కనపడటం లేదు. చప్పుడు లేదు. వెండి రంగు ముక్కు మంచును చీల్చుకుంటూ వెళ్తుంటే, ఈ కాలువ చివర మరో సముద్రం ఉందనీ, దాని ఒడ్డున పట్టాలున్నాయనీ నమ్మాను.

వెనక పడవలోనుంచి షావుకారి గొంతు వినపడింది. "మేస్త్రిగారూ, పొగ వచ్చిందండోయ్."

మామగారు మాత్రం నారింజ పట్టీ మీద చెయ్యి వేసి చూస్తున్నారు. చెయ్యి తీస్తే వేళ్ళకి రంగంటింది. "చెమ్మ పట్టేస్తందిరా," అన్నారు మెల్లగా. "ఆగకుండా రేవులో దిగిపోవాలి. నిలబడ్డామంటే ఊడిపోద్ది."

ఆ వైపు ఒక మర్యాద ఉంది. పొలిమేర దగ్గర మగపెళ్ళివారి మనిషి తాడు వదిలేస్తాడు. అక్కడినుంచి రేవుదాకా ఆడపెళ్ళివారి కుర్రాళ్ళు అందుకుని లాగాలి. అల్లుణ్ణి తమ ఊళ్ళోకి తామే తెచ్చుకున్నట్టు. మా వాళ్ళు తాడు వదిలారు. అవతల మంచులో గుంపుగా నిలబడ్డ కుర్రాళ్ళు ఇంజను బయటపడగానే ముందుకి ఒంగి చూశారు. తర్వాత వాళ్ళలో ఒకడు చేతులు కట్టుకున్నాడు.

"బావగారూ, ఇది రైలింజనేనాండి?"

"ఆయ్, ఇంజనేనండి," అన్నాడు పెళ్ళికొడుకు.

"ఇంజనుకి తాడెందుకండి? ఆవిరి పెట్టి నడిపించుకోండి. రేవులో చూస్తుంటాం."

గుంపంతా నవ్వారు. పెళ్ళిళ్ళలో బావమరుదుల వేళాకోళం మామూలే. కాసేపు ఏడిపించి పట్టుకుంటారనుకున్నాం. పట్టుకోలేదు. షావుకారికి పౌరుషం వచ్చింది. "వాళ్ళు పట్టాల్సిన తాడు మనోళ్ళు పడితే మన పరువుంటదా? ముట్టుకోకండ్రా," అని గట్టుమీద ఇద్దర్నీ కేకేశారు. అటు వాళ్ళు పట్టరు, ఇటు వీళ్ళు ముట్టరు. తాడు గట్టుమీద తడిగడ్డిలో పడి ఉంది. పడవ నీళ్ళమీద నిలిచిపోయింది.

మంచు మాత్రం ఆగలేదు. నారింజ పట్టీ అంచు ఒకటి నెమ్మదిగా విడిపోయి వేలాడింది. మా ఆయన వేలితో నొక్కి పట్టారు. వదిలితే మళ్ళీ ఊడింది. మరో చోట ముక్కు మీది వెండి కాగితం కిందికి జారి, అడుగుపొర బయటపడింది. అందులో పాత అక్షరాలు కనిపించాయి. మామగారు కుండలో చెయ్యిపెట్టి, ఉన్న జిగురంతా పూస్తున్నారు. రేవులో ఊరంతా ఎదురుచూస్తోంది. వాళ్ళ ముందుకి ఈ ఇంజను ముక్కు ఊడి, వెదురు బద్దలు బయటపడి వెళ్తే, మళ్ళీ మా వాకిట్లోకి ఎవరూ రారు. ఇంట్లో ట్రంకుపెట్టె సిద్ధంగానే ఉంది.

నాకు ఆ చిరిగిన వాక్యం గుర్తొచ్చింది. పడవ అంచు గట్టుకి ఆనుకుని ఉంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని గట్టుమీదికి దిగాను.

"తాడెందుకని అడిగేరు కదండి," అన్నాను ఆ కుర్రాళ్ళతో. "అమెరికాలో ఇంతకి ఎన్నోరెట్లు బరువుండే ఇంజనుకి తాడు కట్టి ఆడపిల్లలు లాగేరండి. అది కదిలిందండి. లైబ్రరీలో ఉంది, ఎప్పుడైనా మా ఊరొస్తే చూపిస్తాను. మీకు బలం చాలదంటే చెప్పండి, ఆడవాళ్ళం మేం లాక్కుంటాం."

తాడందుకుని భుజాన వేసుకున్నాను. తడిసి చల్లగా ఉంది. వెనక తాడు బిగిసినట్టనిపించి తిరిగి చూశాను. మా అత్తగారు.

"మొహం ఏం చూస్తావ్, లాగు," అన్నారు ఆవిడ. "నీ అమెరికా పొయ్యి కోసం ఎన్ని అన్నాలు మాడ్చేవో. ఇవాళన్నా పనికిరానీ."

పెళ్ళికొడుకు మేనత్త నవ్వు ఆపుకోలేక, పట్టుచీర ఎత్తిపట్టుకుని మూడో మనిషిగా వచ్చి చేరింది. లాగాం. నీళ్ళమీది బరువు కదలడానికి ఎంతసేపు. మొదట మొండికేసింది, తర్వాత ఒక్కసారిగా తేలికైంది. ఎవరో వెనకనుంచి మెల్లగా తోస్తున్నట్టు పడవ మా వెంట వచ్చింది. వెండి ముక్కు మంచులో మా పక్కనే కదులుతోంది. నేను నడుస్తున్నానా, అది నన్ను తీసుకెళ్తోందా తెలియలేదు.

రేవు వైపునుంచి ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. "ఒరేయ్, పెళ్ళివారి ఆడవాళ్ళచేత తాడు లాగిస్తన్నార్రా? సిగ్గులేదూ?" అంటూ పెళ్ళికూతురి పిన్నిగారు, మరికొందరు గట్టు వెంబడి వచ్చి మాతోపాటు తాడందుకున్నారు. కుర్రాళ్ళు తలలు దించుకుని వచ్చారు. ఇందాక మాట్లాడినవాడు నా దగ్గరికి వచ్చి, "ఇవ్వండక్కా," అన్నాడు.

"వద్దులే నాయనా, బరువు," అన్నారు మా అత్తగారు, వదలకుండా.

చివరికి సగం తాడు వాళ్ళకి, సగం ఆడవాళ్ళకి. ఇంజను రేవులోకి వచ్చేసరికి మంచు పల్చబడింది. ఊరంతా ఒడ్డున నిలబడి ఉన్నారు. ముక్కు మీద ఊడినచోట మామగారు తన అరచెయ్యి ఆనించి, అక్కడ ఏదో పట్టుకోవలసిన పనున్నట్టు ఠీవిగా నిలబడ్డారు. పెళ్ళికొడుకు దిగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

తిరుగుప్రయాణంలో ఎండ కాచింది. కాగితం ఎండి మళ్ళీ బిగిసింది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఇంజనులో కూచున్నారు. ఆ అమ్మాయి ఇంజను అమెరికాది అని విని, పక్క రేకును వేలితో తట్టి చూసి, కాగితమని తెలిసి నవ్వింది. బయల్దేరబోతుంటే పెళ్ళికూతురి మేనమామ రేవు మెట్ల మీదికి వచ్చి మామగారిని పిలిచాడు. చైత్రం చివర్లో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఫాల్గుణంలోనే తన కూతురి పెళ్ళట.

"ఇదే ఇంజను, ఇదే రంగు కావాలండి," అన్నాడు. "తాడు మాత్రం కాస్త మంచిది కట్టండి. మా ఇంట్లో ఆడవాళ్ళు ఇప్పటినుంచే ఎవరు ముందు పట్టాలని వాదించుకుంటన్నారు."

మామగారు నా వంక తిరిగి నేరుగా అడిగారు. "తాడుకి ఏ రంగు వేస్తారమ్మాయ్ అక్కడ?"

అది ఏ పుస్తకంలోనూ లేదు. "ఈ ఆదివారం చూసి చెబుతానండి," అన్నాను.

మా ఆయన ఆ ఏడు మండపేట వెళ్ళలేదు. ట్రంకుపెట్టెలో తగరం కాగితాలు సర్దుకున్నారు. తర్వాత అమెరికాలో ఆ ఇంజన్లు ఒక్కొక్కటే చల్లారిపోయిన సంగతి లైబ్రరీలోనే చదివాను. చదివి, పత్రిక మూసి, ఇంటికి వచ్చాను. వాకిట్లో మా ఆయన వెదురు బద్దను దీపం సెగకి వంచుతున్నారు. నారింజ కాగితం చింపి ఇమ్మన్నారు. కింద అంటించాల్సిన పాత కాగితం ఒళ్ళో పెట్టుకుని, చింపేముందు చదవడం మొదలుపెట్టాను.